అన్నయ్య ఎంచుకోని స్పీకర్లు

మా అన్నయ్యకు చెవుడు లేదు.

ఈ మాట నేను ఎవరికి చెప్పినా తలూపి వింటున్నారు. కొందరు నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడంటే మీలా ఉండాలండి" అంటున్నారు. అన్నగారి లోపాన్ని కప్పిపుచ్చుతున్నానని వాళ్ళ నమ్మకం. నోటితో చెబితే అది ప్రేమ కిందికి వస్తోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివినవాళ్ళు నా గురించి ఏమనుకున్నా సరే, ఆయన గురించి అనుకుంటున్నది మానుకోవాలి.

మాది వేదం చెప్పుకుని బతికే కుటుంబం. ఊరు పి.గన్నవరం దాటాక, కాలవ గట్టు మీద. నాన్నగారి దగ్గర మేమిద్దరం పాఠానికి కూర్చున్నాం. అన్నయ్య చివరిదాకా చదివాడు. నేను మొదట్లోనే లేచిపోయాను. వేదంలో ప్రతి అక్షరానికీ ఒక ఎత్తు ఉంటుంది. పై స్వరం, కింది స్వరం, నడిమిది. ఆ తేడా నా చెవికి అందేది కాదు. నాన్నగారి చెయ్యి ఎటు కదిలితే అటు నా గొంతు కదిపేవాణ్ణి. అనుమానం వచ్చి ఒకరోజు ఆయన చెయ్యి ఉత్తరీయం కింద పెట్టుకున్నారు. తోటి పిల్లలందరి ముందు దొరికిపోయాను, పాఠంలోంచి లేపేశారు. తర్వాత ఇంగ్లీషు బడి, డిగ్రీ, కంప్యూటర్లు. ఇప్పుడు అమలాపురంలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, శబ్దం గురించి మా ఇంట్లో నా మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేను తర్వాత చేసిన పనికి వేరు అక్కడుంది.

అన్నయ్య పాఠం చెప్పే పద్ధతిని సంత అంటారు. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు తిరిగి చెబుతాడు. చేతిలో పుస్తకం ఉండదు. శిష్యుడి నోరు తప్పితే పట్టుకోవలసింది గురువు చెవే. అందుకే మా వైపు ఒక పండితుణ్ణి మెచ్చుకోవాలంటే గొంతు బాగుంటుందని అనరు, చెవి గట్టిదంటారు. అన్నయ్య చెవి గట్టిదని కొత్తపేట దాకా పేరు. అక్కడ ఏటా జరిగే వేదపరీక్షల్లో పరీక్ష చేసేవాళ్ళ వరసలో తనకొక పీట ఉండేది. అంతకుముందు ఆ పీట నాన్నగారిది.

నాన్నగారికి పెద్దతనంలో చెవుడు వచ్చింది. ఒక్కసారిగా రాలేదు. కొన్ని రోజులు శుభ్రంగా వినబడేది, కొన్ని రోజులు గోడకి చెప్పినట్టే ఉండేది. ఒక పెళ్ళిలో ఆశీర్వచనం చెబుతూ, పక్కవాళ్ళందరూ ముగించినా ఆయన ఒక్కరూ గట్టిగా చెప్పుకుపోయారు. స్వరం కూడా తప్పింది. పెళ్ళివారిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య లేచి వెళ్ళి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. నాన్నగారు చుట్టూ చూసి, అందరి నోళ్ళూ మూసి ఉండడం గమనించి ఆగిపోయారు. ఆ తర్వాత నలుగురిలో ఆయన నోరు విప్పగా నేను చూడలేదు. ఇప్పుడు అన్నయ్య ఆ వయసుకి దగ్గరపడ్డాడు. ఇంట్లో ఎవరూ పైకి అనరు గాని, అందరి కళ్ళూ తన చెవుల మీదే ఉంటున్నాయి. తన కళ్ళు కూడా.

కరోనా రోజుల్లో రాకపోకలు ఆగిపోతే అన్నయ్య ఫోనులో పాఠం మొదలుపెట్టాడు. ఆ రోగం సద్దుమణిగాక కూడా పాఠాలు ఆగలేదు. హైదరాబాదులో, విశాఖలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పొద్దున్నే స్నానం చేసి, ఆఫీసు వేళయ్యేలోపు కూర్చునేవారు. ఫోను చిన్నది, పట్టుకుని కూర్చోవడం కష్టంగా ఉందంటే నా పాత కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాను. కెమెరా బిగించాను. మిగిలినవి స్పీకర్లు. అన్నయ్యని వెంటబెట్టుకుని అమలాపురంలో గడియారస్తంభం దగ్గరున్న ఒక కొట్టుకి వెళ్ళాను.

"రండి మాస్టారూ! ఓహో, గురువుగార్ని కూడా తీసుకొచ్చేరా! కూర్చోండి గురువుగారూ, ఆ ఫ్యాను కిందకి రండి," అన్నాడు కొట్టాయన. "స్పీకర్లేగాండీ? మీరు వినడానికాండీ, వీధంతా వినిపించడానికాండీ?"

"పాఠం చెప్పడానికి," అన్నాడు అన్నయ్య.

"పాఠానికైతే ఈ చిన్న జత సరిపోద్దండి. రెండే డబ్బాలు. వార్తలు వినే పెద్దాళ్ళు పట్టుకెళ్తారండి. అయితే మాస్టారి లాంటోళ్ళు ఇవి ముట్టుకోరనుకోండి."

ఆ చివరి మాట నాకోసమే అన్నాడు. అది పనిచేసింది కూడా. నేను పై అరలో ఉన్న పెద్ద సెట్టు చూపించాను. రెండు పొడుగాటి స్పీకర్లు, వాటితో పాటు లోతు శబ్దాల కోసం కింద పెట్టుకునే పెద్ద వూఫరు డబ్బా, దాని ముందు నీలం దీపం. కొట్టాయన ఉషారుగా దింపి, గాజుబల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి పెట్టి, ఏదో కొత్త సినిమా పాట వేశాడు. గ్లాసులో నీళ్ళు వణికాయి.

"చూసేరాండీ! గుండెల్లో కొట్టాలండి సౌండంటే! ఆయ్!"

అన్నయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. పాట అయ్యాక ఆ సెట్టు మీదే వార్తలు పెట్టమన్నాడు. తర్వాత అవే వార్తలు చిన్న జత మీద పెట్టించాడు. కళ్ళు మూసుకుని విని నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఈ చిన్నవాటిలో మనిషి మాట మనిషి మాటలాగే ఉంది. ఆ పెద్దదాంట్లో కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుంది."

ఈ మాట తను అన్నాడు. అన్నాడని నాకు తెలుసు, కొట్టాయనకి తెలుసు. చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

నా ఫోనులో ఒక శిష్యుడి పాఠం రికార్డు చేసింది ఉంది. అది పెట్టి చూద్దామని తీశాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడా? చెప్పులతో నిలబడి, ఆ పాట పాడిన డబ్బాలోనా? వద్దురా."

బజార్లో వేదం వినిపించకూడదు. మా ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. ఇంకొకరైతే కొనేముందు తమకు కావలసిన శబ్దాన్నే పెట్టి చూసుకుంటారు. మేము దేనికోసం కొంటున్నామో ఆ ఒక్క శబ్దాన్నీ వినకుండా మిగతావన్నీ విన్నాం.

"పోనీ చిన్నవి ఇంటికి పట్టుకెళ్ళి, మీ పద్ధతిలో చూసుకోండి గురువుగారూ. నచ్చకపోతే తెచ్చేద్దురుగాని. మీరెక్కడికి పోతారండి, నేనెక్కడికి పోతానండి," అన్నాడు కొట్టాయన.

అన్నయ్య నా వైపు చూశాడు. అప్పుడు నేను సరే అనవలసింది.

"అక్కర్లేదు. నీకు వీటి సంగతి తెలీదన్నయ్యా. పెద్దదాంట్లో అన్ని శబ్దాలూ ఉంటాయి. చిన్నదాంట్లో సగమే ఉంటాయి."

"సరే అయితే. నీ శాస్త్రం నీది," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా మాటకి లోబడ్డాడు. శబ్దం విషయంలో అన్నయ్య నా మాట వినడం అదే మొదటిసారి. బస్సులో ఆ పెద్ద అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని ఊరిదాకా ఎంత సంతోషంగా కూర్చున్నానో ఇప్పటికీ మరిచిపోలేను.

వూఫరు డబ్బాని బల్ల కింద గోడమూలకి తోశాను. కనబడకుండా ఉంటుందని. వదిన వచ్చి చూసి, "ఆ నీలం దీపం ఆర్పే వీలుందా అబ్బాయ్? దేవుడి దగ్గర దీపం వెలవెలబోతోంది" అంది. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా అరుగు దగ్గర ఆగి, "ఏంటండి, గురువుగారింట్లో సినిమా హాలు పెట్టేరా?" అని నవ్విపోయారు. అన్నయ్య కూడా నవ్వాడు.

నవ్వు ఎక్కువకాలం లేదు.

హైదరాబాదు నుంచి చదివే శిష్యుడు ఒకతను ఉన్నాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, బొంగురు గొంతు, మంచి శ్రద్ధ. అన్నయ్య మొదట అతన్నే పట్టుకున్నాడు. "కింది స్వరం దగ్గర హ్రస్వాన్ని లాగుతున్నావు బాబూ. పొట్టిగా చెప్పు." అతను పొట్టిగా చెప్పాడు. "ఇంకా లాగుతున్నావు." మళ్ళీ చెప్పాడు. "ఇంకా ఉంది." కొన్నాళ్ళకి విశాఖ అతను కూడా లాగుతున్నాడు. తర్వాత బెంగుళూరు వాళ్ళు. ప్రతిచోటా కింది స్వరమే, ప్రతిచోటా పొట్టి అక్షరమే. వేదంలో హ్రస్వం దీర్ఘమైతే చిన్న తప్పు కాదు. మాట మారిపోతుంది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అన్నయ్య కంప్యూటరు ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పాఠం అయిపోయింది.

"ఒకరికొకరు తెలియని వాళ్ళు, తలో ఊళ్ళో ఉన్నవాళ్ళు, అందరూ ఒకేసారి ఒకే తప్పు చేస్తారట్రా?"

"ఏమో అన్నయ్యా. చెయ్యరనుకుంటాను."

"చెయ్యరు. నేనూ అదే అనుకుంటున్నాను. మరి తప్పు వాళ్ళది కాకపోతే ఎవరిదవ్వాలి?"

సరైన చోటుకే వచ్చాడు. ఇంకొక్క అడుగు వేస్తే బల్ల కింద ఉన్న డబ్బా దగ్గరకి వచ్చేవాడు. కాని అది తమ్ముడు కొన్నది. తన చెవులేమో నాన్నగారివి. అనుమానం ఎటు వెళ్ళాలో అటే వెళ్ళింది.

ఆ రోజునుంచి ఇంట్లో భయం ఒక మనిషిలా తిరగడం మొదలుపెట్టింది. అన్నయ్య చెవి దగ్గర వేళ్ళు రాపాడించి చూసుకునేవాడు, ముందు కుడి పక్క, తర్వాత ఎడమ పక్క. పెరట్లో కొబ్బరిమట్ట పడితే, "విన్నావా?" అని వదినని అడిగేవాడు. ఆవిడ విన్నానంటే, తనకంటే ముందు విన్నదా తర్వాత విన్నదా అని అడిగేవాడు. ఒకనాడు సావిట్లోంచి వంటింట్లోకి కేకేశాడు.

"ఆవాలు వేశావా? చిటపట వినబడలేదే!"

"వేస్తేగా వినబడ్డానికి! పొద్దుటి పులుసేనండి," అంది వదిన.

నవ్వుతూనే అంది. కాని నేను మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్తే గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మావగారికి కూడా ఇలాగే మొదలైందా అబ్బాయ్?" సావిట్లోకి వినబడుతుందేమోనని గొంతు తగ్గించిందా, వినబడదేమోనని పరీక్షిస్తోందా నాకు తెలియలేదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని సావిట్లోకి వచ్చేశాను. నాకూ అదే భయం. అప్పటికింకా నాకు నిజంగానే ఏమీ తెలియదు.

అమలాపురంలో చెవి డాక్టరుకి చూపించాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. "వయసుకి ఉండాల్సినంత బాగానే ఉందండి. మరీ సన్న శబ్దాలు కాస్త తగ్గుతాయి, అవి అందరికీ తగ్గుతాయి. భయపడకండి," అన్నాడు డాక్టరు. తిరుగుదారిలో బస్సు అక్విడెక్టు వంతెన దాటుతుండగా అన్నయ్య కిటికీలోంచి గోదావరిని చూస్తూ, "తగ్గుతాయన్నాడు కదరా" అన్నాడు. డాక్టరు చెప్పినదాంట్లో తను మోసుకొచ్చింది ఆ ఒక్క మాటే.

ఇక అసలు సంగతి.

ఒక ఉదయం కంప్యూటరు నెమ్మదించిందంటే చూడడానికి వెళ్ళాను. అన్నయ్య నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. హైదరాబాదు అతను అప్పటికే తెరమీద ఉన్నాడు, కళ్ళు మూసుకుని నిన్నటి పాఠం తనలో తను వల్లించుకుంటున్నాడు. మాట సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని నా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. అక్షరాలు గవ్వలు పేర్చినట్టు విడివిడిగా వినిపించాయి. ఇయర్‌ఫోన్లు పీకాను. అదే పాఠం, అదే మనిషి, ఇప్పుడు స్పీకర్లలోంచి. గొంతు కిందికి దిగినప్పుడల్లా బల్ల కింద డబ్బా 'మ్మ్' అని మోగింది. అక్షరం ఆగినా మోత ఆగలేదు. పొట్టి అక్షరానికి తోక మొలిచింది.

మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ పీకాను. నాకు స్వరం తెలియదు గాని, ఒక శబ్దం ఎంతసేపు ఉందో తెలియడానికి వేదం చదవక్కర్లేదు. పాటలో తాళం గుండెల్లో కొట్టడానికి చేసిన డబ్బా అది. లోతు శబ్దం దొరికితే పట్టుకుని తొందరగా వదలదు. దాన్ని గోడమూలకి తోసి నేను ఇంకా పెంచాను. శిష్యులెవరూ లాగడం లేదు. అన్నయ్య చెవికి ఏమీ కాలేదు. ఆ డబ్బా చేస్తున్న తప్పుని అంత కచ్చితంగా, ఏ అక్షరం దగ్గరో కూడా చెబుతూ పట్టుకుంటున్నది ఆ చెవే.

అన్నయ్య తడిబట్టతో లోపలికి వచ్చాడు.

"ఏమైనా పాడైందిరా?"

నోటిదాకా వచ్చింది. అదే క్షణంలో కొట్టులో నేనన్న మాట గుర్తొచ్చింది, నీకు వీటి సంగతి తెలీదన్నయ్యా అని. డాక్టరు దగ్గర అద్దాల గదిలో తలవంచుకు కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. ఇన్ని రోజుల తన భయానికి కారణం నేను కొన్న డబ్బా అని ఎలా చెప్పను?

"లేదన్నయ్యా. బాగానే ఉంది."

చెప్పకుండా సరిచేద్దామనుకున్నాను. వెళ్తూ వెళ్తూ వూఫరు శబ్దం తగ్గించే మరని పూర్తిగా కిందికి తిప్పేశాను. పీడ వదిలిందనుకుని వెళ్ళిపోయాను. తర్వాతి ఆదివారం వెళ్తే వదిన గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు" అంది. అన్నయ్య పంచపాత్ర ముందు కూర్చుని ఉన్నాడు. ఉద్ధరిణితో పాత్ర అంచు మీద తట్టి చెవి ఒగ్గుతున్నాడు.

"ఇంకా తగ్గిపోయాయిరా. నీలం దీపం వెలుగుతోంది, వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, శబ్దం మాత్రం సన్నబడిపోయింది. ఎక్కడో కాలవ అవతల ఒడ్డునుంచి చెబుతున్నట్టుంది. నాన్నకి ఇంత తొందరగా రాలేదు."

ఇప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. తను లేచి సంధ్యావందనం నీళ్ళు పారబోయడానికి వెళ్ళగానే వంగి మర మళ్ళీ పైకి తిప్పాను. తిరిగొచ్చి ఎవరో శిష్యుడితో మాట కలిపాడు. మొహం విప్పారింది.

"హమ్మయ్య! ఇవాళ శుభ్రంగా వినబడుతోందిరా. నిన్న మొన్న ఏదో గాలి పట్టినట్టుంది చెవుల్లో."

వదిన కళ్ళొత్తుకుంది. ఆ పూట నాకు పనసపొట్టు కూర చేసి పెట్టింది. నేను తిన్నాను.

ఆ తర్వాత తప్పులు తగ్గడం మొదలైంది. "దారికొచ్చారురా అందరూ," అని అన్నయ్య ఫోనులో సంబరంగా చెప్పాడు. దానంతట అదే సర్దుకుందని నేను కూడా గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. వాళ్ళు దారికి ఎలా వచ్చారో ఆలోచించలేదు. గురువుగారు లాగుతున్నావంటున్నారని వాళ్ళు ఆ అక్షరాన్ని తగ్గించి తగ్గించి, చివరికి మింగేయడం నేర్చుకున్నారు. మింగేసిన చోట డబ్బా మోత వచ్చి చేరి అన్నయ్యకి సరిగ్గా సరిపోయినట్టు వినబడుతోంది. ఇది నాకు కొత్తపేటలో తెలిసింది.

పరీక్షలకి శిష్యులు రైళ్ళలో, కార్లలో దిగారు. అన్నాళ్ళూ తెరమీద చూసిన వాళ్ళు మనుషులై వచ్చి అన్నయ్య కాళ్ళకి దండం పెడుతుంటే తన సంతోషం చూడాలి. నేను కూడా వెంట వెళ్ళాను. సొంత శిష్యుల్ని గురువు పరీక్ష చెయ్యకూడదు కనుక వాళ్ళని ఒక పెద్దాయన ముందు కూర్చోబెట్టారు. మా నాన్నగారిని ఎరిగినవాడు, అందరూ గౌరవించే మనిషి. అన్నయ్య పక్క పీట మీద కూర్చున్నాడు.

హైదరాబాదు అతను మొదలుపెట్టాడు. రెండు మూడు పంక్తులు అయ్యేసరికి పెద్దాయన చెయ్యి ఎత్తారు.

"ఆగు నాయనా. అక్కడ అక్షరం ఉందా, లేదా?"

"ఉందండి."

"ఉంటే ఏదీ? మింగేస్తున్నావేం? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మింగాడు. తర్వాత విశాఖ అతను. అదే చోట, అదే మింగడం. మూడో అతను నోరు తెరిచేసరికి హాలులో గుసగుసలు ఆగిపోయాయి. నేను అన్నయ్య మొహమే చూస్తున్నాను. తనకీ వినబడింది. అక్షరం లేని చోటు వచ్చినప్పుడల్లా, పెద్దాయన చెయ్యి ఎత్తకముందే, అన్నయ్య రెప్ప అదిరింది. అందరిలాగే, ఇంకా అందరికంటే ముందే వింటున్నాడు. కాని తనకి కలిగిన ఆలోచన వేరు. ఇక్కడ వినబడుతోంది, ఇంట్లో వినబడలేదు. కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. నాన్నగారికి మొదలైనట్టే.

భోజనాలకి ఆకులు వేస్తుండగా పెద్దాయన మమ్మల్నిద్దర్నీ వసారాలోకి పిలిచారు. ఇంకా ఒకరిద్దరు పక్కన చేరారు. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"మీ చెవి మాకు తెలియనిది కాదు. అందరూ ఒకే చోట తప్పేరంటే, ఆ కంప్యూటరు పెట్టెల్లో ఏదైనా తేడా వస్తోందేమోనని నా అనుమానం. మీ తమ్ముడు ఆ విద్యలో ఉన్నవారే కదా." నా వైపు తిరిగారు. "ఏమంటారు మాస్టారూ? అలా జరగడానికి వీలుందాండి?"

అంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. ఆయ్, ఉందండి, తప్పు నాదండి అంటే సరిపోయేది. నాకు నాన్నగారి చెయ్యి ఉత్తరీయం కిందికి వెళ్ళిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. మళ్ళీ నలుగురి ముందు, మళ్ళీ శబ్దం విషయంలో.

"అబ్బే, లేదండి. మంచి కంపెనీవండి. అన్నయ్యే స్వయంగా విని తీసుకున్నాడండి."

అన్నయ్య నా వైపు చూశాడు. కోపం లేదు. కొంచెం ఆశ్చర్యపోయినట్టు, తర్వాత ఏదో అర్థమైనట్టు. కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుందని తనన్న మాట తనకి గుర్తుండదా? నోరు విప్పుతాడని ఎదురు చూశాను. విప్పాడు.

"ఆయ్. నేనే విన్నానండి." తర్వాత ఉత్తరీయం సర్దుకుని, "వచ్చే ఏడు నుంచి ఈ పీట ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాడు.

వాళ్ళు వద్దని కూడా అనలేదు. ఆకుల దగ్గరకి పిలిచారు.

ఆ మధ్యాహ్నానికే మాట పాకింది. పాపం, తండ్రిగారికి లాగానే అని. అన్నయ్య పాఠాలు ఆపేశాడు. కంప్యూటరు మీద పాత పంచె ఒకటి కప్పేశాడు. నేను ఆదివారాలు వెళ్ళడం మానేశాను. వెళ్తే నూతి దగ్గరో అరుగు మీదో చెవి దగ్గర వేళ్ళు రాపాడించుకుంటూ కనబడతాడని భయం. చివరికి వదిన ఫోను చేసింది. "మాట్లాడితే వినబడనట్టు ఊరుకుంటున్నారు అబ్బాయ్. వినబడకా, వినడం ఇష్టం లేకా, నాకు తెలియడం లేదు. నాకు భయంగా ఉంది." ఆ మాటతో ఇంక ఉండలేకపోయాను. కొట్టుకి వెళ్ళి ఆ చిన్న జత తీసుకున్నాను. "అప్పుడే చెప్పేరు కదండీ గురువుగారు!" అన్నాడు కొట్టాయన.

అన్నయ్య ముందు కూర్చుని అంతా చెప్పాను. కొట్టులో మాట, ఇయర్‌ఫోన్లు, మర కిందికి తిప్పడం, పైకి తిప్పడం, కొత్తపేటలో అబద్ధం. తను నిదానంగా విన్నాడు.

"నామీద జాలితో ఇదంతా కల్పించావురా. పెద్దవాడివయ్యావు."

"కల్పించలేదన్నయ్యా. ఒక్కసారి విను."

పంచె తీసి, హైదరాబాదు అతని పాత రికార్డు, అతను మింగడం నేర్చుకోకముందుది, పెద్ద సెట్టు మీద పెట్టాను. అన్నయ్య చెయ్యి అలవాటుగా లేచింది, లాగాడని. తర్వాత అదే చిన్న జత మీద పెట్టాను. చెయ్యి లేవలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి పెట్టబోతే వద్దన్నాడు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "వాడు సరిగ్గానే చెప్పాడు," అన్నాడు. "సరిగ్గా చెబుతున్నవాడి చేత నేను తప్పు చెప్పించాను. ఇన్నాళ్ళు వాడి నోట్లో పెట్టినదాన్ని ఇప్పుడెలా తియ్యాలిరా?"

"కొత్తపేటలో ఎందుకు ఊరుకున్నావు? నేను అబద్ధమాడానని తెలిసి?"

"అందరి ముందు నిన్ను మళ్ళీ లేపడమెందుకని," అన్నాడు.

నేను పెద్దాయన ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన అంతా విని, "మీరు మీ అన్నగారి కోసం ఇంత నింద మీద వేసుకుంటున్నారు, సంతోషమండి" అని కాఫీ ఇప్పించారు. వసారాలో నేను ఆడిన అబద్ధమే నిజమని ఆయనకి స్థిరపడిపోయింది. ఇంకా ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఈ రాత మొదట్లో చెప్పిందే జరిగింది.

అన్నయ్య పాఠాలు మళ్ళీ మొదలుపెట్టాడు. అందరూ రాలేదు. హైదరాబాదు అతను వచ్చాడు, విశాఖ అతను వచ్చాడు. పెద్ద సెట్టు అటక మీద ఉంది. చిన్న డబ్బాలు రెండూ బల్ల మీద, అన్నయ్య చెవులకి ఎదురుగా ఉన్నాయి. మాట మాటలాగే వస్తోంది. డాక్టరు మళ్ళీ చూసి అప్పటిలాగే ఉందన్నాడు. ఇక ఏ అడ్డమూ లేదు. భయపడవలసిందేమీ లేదని నేను వదినకి చెప్పాను.

మొన్న నేను ఉండగానే హైదరాబాదు అతను కొత్త పాఠం చెబుతున్నాడు. ఒకచోట అన్నయ్య చెయ్యి సగం లేచి ఆగింది. అతను ఆ మాట దాటి ముందుకి వెళ్ళిపోయాడు. అన్నయ్య దిద్దలేదు. మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగాడు.

"అక్కడ పైకి పోయింది కదా? నీకూ అలాగే వినిపించిందా?"

నన్ను అడిగాడు. పై స్వరమేదో కింది స్వరమేదో పుట్టి బుద్ధెరిగి తెలియని నన్ను. తన కళ్ళలో పరిహాసం లేదు. నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నాడు. అవునంటే మరో అబద్ధం. తెలియదంటే తన చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి దిగిపోతుంది. అటు వదిన గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"నాకు తెలీదన్నయ్యా," అన్నాను. "నాకు ఎప్పుడూ తెలీదు. నువ్వు విన్నదే నిజం."

తను మైకు మీంచి చెయ్యి తీసి, తెరలో ఉన్న మనిషితో, అడుగుతున్నట్టుగా, మెల్లగా అన్నాడు.

"బాబూ, ఇందాకటి మాట... అక్కడ కిందికి దిగాలేమో. ఒకసారి చూసుకో."